డెంగీ సీజన్‌లో నర్సులు మానేస్తుంటే: సమాధానం

సార్, డెంగీ కేసులతో మీ ఆసుపత్రిలో 30 పడకలూ నిండిపోయాయి, నెలలో నలుగురు నర్సులు మానేశారు, కొత్తవాళ్లకు పని రాదు, ఏం చేయాలని అడిగారు. 2021 మేలో, కోవిడ్ రెండో వేవ్‌లో, వార్డు ఇన్‌చార్జిగా నేనూ ఇదే టెన్షన్ పడ్డాను.

జీతం సంగతి తర్వాత, ముందు డ్యూటీ చార్టు చూడండి. మా దగ్గర ఒకమ్మాయి వరుసగా పదకొండో నైట్ చేసి, తెల్లారి మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. మర్నాడు రాలేదు. ఆ తప్పు చార్టు వేసిన నాదే. ఆ తర్వాత ఎవరికీ వరుసగా మూడు నైట్లకు మించి వేయలేదు, రాత్రి వేడి అన్నం పెట్టించాం. మిగతావాళ్లు నిలబడ్డారు.

కొత్తవాళ్లకు అన్నీ ఒకేసారి నేర్పకండి. ముందు బీపీ సరిగ్గా చూడటం, ఎక్కించిన సెలైన్, వచ్చిన మూత్రం గంట గంటకూ రాయడం వస్తే చాలు. జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకుంటారు. డెంగీలో అసలు ప్రమాదం ఆ తర్వాతి 24-48 గంటల్లోనే. బీపీ పై అంకెకూ కింది అంకెకూ తేడా 20కి పడిపోయినా, చేతులు చల్లబడినా ప్లేట్‌లెట్ రిపోర్టు కోసం ఆగకుండా డాక్టర్‌ను పిలవాలి. ఇది పుస్తకంలో చదివితే రాదు. వారం పాటు సీనియర్ పక్కనే, అవే పడకల దగ్గర ఉంచండి. నేర్పినందుకు ఆ సీనియర్‌కు విడిగా డబ్బివ్వండి, ఊరికే చేయించుకోకండి.

ఇంకొకటి. 100 రోజులు కోవిడ్ డ్యూటీ చేసినవాళ్లకు ప్రభుత్వ నియామకాల్లో ప్రాధాన్యమని 2021లో కేంద్రం ప్రకటించినప్పుడు, సర్టిఫికెట్ కోసం మా వార్డు నర్సులు ఎంత ఆశపడ్డారో చూశాను. మీరూ ఈ సీజన్ అనుభవానికి సంతకం పెట్టి కాగితం ఇవ్వండి, అడిగించుకోకుండా.