సెల్ఫ్ కొడితే టకటక అంటది, స్టార్ట్ కాదు. సెల్ఫ్ మోటారు మార్చాల్నా?

మీరు చెప్పింది ఇది: దేవరకొండల ఎనిమిదేండ్ల పెట్రోల్ బండి, బ్యాటరీకి నాలుగో ఎండాకాలం. పదిహేను రోజులు ఇంటి ముందట ఉన్నంక తాళం తిప్పితే టకటకటక అంటుంది. లైట్లు వెలుగుతున్నయి, హారన్ మోగుతుంది కాబట్టి బ్యాటరీ మంచిదే, సెల్ఫ్ మోటారు మార్చాలని మెకానిక్ అన్నడు.

అప్పుడే మార్చకండి. లైట్లు వెలిగితే బ్యాటరీ మంచిదన్న మాట సగమే నిజం. రెండు హెడ్‌లైట్లు కలిపి 10 ఆంపియర్ల లోపే గుంజుతయి. చిన్న పెట్రోల్ బండి సెల్ఫ్ మోటారుకైనా 100 దాటాలె, డీజిల్ బండికి ఇంకా ఎక్కువ. పది ఇచ్చే బ్యాటరీ నూరు ఇస్తదని ఏముంది?

ముందు చప్పుడు వినండి. తాళం తిప్పంగనే సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారు మీదుండే కరెంటు స్విచ్) లోపలి రాడ్డును గుంజి పెద్ద కాంటాక్టులను కలుపుతది, అదే 'టక్'. మోటారు కరెంటు గుంజంగనే వోల్టేజీ కూలుతది, సోలినాయిడ్ పట్టు వదులుతది. వదలంగనే వోల్టేజీ లేస్తది, సోలినాయిడ్ మళ్ల పట్టుకుంటది. అందుకే టకటకటక. అంటే మీ తాళం, రిలే, సోలినాయిడ్ పని చేస్తున్నట్టే; చాలనిది కరెంటు. అది బ్యాటరీల లేకనో, దారిల ఆగిపోయో.

ఒక్కటే గట్టిగ 'టక్' అని ఊకుంటే అది వేరే సంగతి. డోరు తెరిచి లోపలి లైటు చూసుకుంట తాళం తిప్పండి. లైటు తగ్గకపోతే కరెంటు మోటారుల పోతలేదు: సోలినాయిడ్ కాంటాక్టులు కాలినయి, లేకుంటే కార్బన్లు (మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులు) అరిగినయి. లైటు బాగా చచ్చిపోతే బ్యాటరీ, టర్మినల్, లేదా మోటారు జామ్. వాన నీళ్ల నుంచి బండి వచ్చినంక ఇట్ల ఒక్క 'టక్' అంటే మాత్రం మళ్ల మళ్ల కొట్టకండి. ఇంజన్ లోపల నీళ్లుంటే పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగుతది. ముందు స్పార్క్ ప్లగ్గులు ఇప్పించి చూడాలె.

మీది టకటక కాబట్టి వోల్టులు చూసే మల్టీమీటర్ తీయండి. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులుంటే ఫుల్లు, 12.2 అంటే సగం, 12 కంటే కింద ఉంటే దిగిపోయినట్టే. తర్వాత ఒకరు సెల్ఫ్ కొడుతుంటే చూడండి: 9.6 కంటే కిందికి పోవద్దు.

చాలామంది చెయ్యనిది ఇంకోటుంది. మీటరు ఒక పుల్లను బ్యాటరీ సీసం మొన మీద, ఇంకోదాన్ని దానికే బిగించిన క్లాంపు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. సున్నా దగ్గర ఉండాలె. ఒక వోల్టు, రెండు వోల్టులు చూపెడితే తప్పు అక్కడనే ఉన్నట్టు. పైకి తళతళ మెరిసే క్లాంపు లోపల నల్లగ పొర కట్టి ఉంటది. అట్లనే మైనస్ మొనకు, ఇంజన్ ఇనుముకు మధ్య చూడండి, 0.3 దాటితే ఎర్తింగ్ వైరు, దాని బోల్టు చూడాలె. టకటక బండ్లల్ల నాకు ఎక్కువ దొరికిన తప్పులు ఈ రెండు జాగల్లనే.

శుభ్రం చెయ్యాలంటే 10 నంబరు స్పానర్‌తో మైనస్ ముందు ఇప్పాలె, పెట్టేటప్పుడు ఆఖరికి పెట్టాలె. ప్లస్ ముందు ఇప్పితే స్పానర్ బాడీకి తాకి షార్ట్ అయితది. తెల్లటి, పచ్చటి పొడిని వేడి నీళ్లల్ల వంటసోడా కలిపి కడగండి. సెల్లు మూతలల్లకు అది పోవద్దు. మొన, క్లాంపు లోపల సాండ్‌పేపర్‌తో రుద్ది, చేత్తో తిప్పితే కదలకుండ బిగించి, పైన వ్యాజిలిన్ రాయండి.

మూతలున్న బ్యాటరీ అయితే నీళ్లు చూడండి. మన ఎండలకు తొందరగ ఇంకుతయి. డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరేది పొయ్యొద్దు. ఫ్లోరైడ్ ఎక్కువుండే మర్రిగూడ దిక్కు బోరు నీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఇంటికొచ్చే ఫిల్టర్ క్యాన్ నీళ్లు కూడ వద్దు. వాటిల మిగిలిన ఉప్పులు ప్లేట్లను తింటయి. యాసిడ్ అసలే కలపకండి.

ఇప్పటికిప్పుడు బండి లేవాలంటే జంపర్ కేబుల్: ఎర్రది ముందు మీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు, నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, ఆఖరి కొస మీ ఇంజన్ ఇనుముకు. బ్యాటరీ మీద పెడితే అక్కడి గ్యాస్‌కు నిప్పురవ్వ అంటుకోవచ్చు. మంచి బండిని ఐదు నిమిషాలు నడవనిచ్చి కొట్టండి. గేర్ల బండి అయితే తాళం ఆన్ పెట్టి, రెండో గేరుల నూకించొచ్చు. ఆటోమేటిక్‌ను నూకినా లేవదు.

లేచినంక బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 రావాలె, లేకుంటే బెల్టు, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ చూపించండి. బజారుకు పోయొచ్చినంత మాత్రాన బ్యాటరీ నిండదు. చార్జర్‌కు రాత్రంతా పెట్టండి. నిండినంక కూడ సెల్ఫ్‌కు 9.6 కింద పడితే చాలావరకు బ్యాటరీ అయిపోయినట్టే.

ఆ తర్వాత కూడ మెకానిక్ మోటారే అంటే, సెల్ఫ్ కొట్టేటప్పుడు మోటారు మీది పెద్ద బోల్టుల వోల్టేజీ చూపించమనండి. సోలినాయిడ్ దాటినంక మోటారుల పొయ్యే బోల్టుకు 10 వోల్టులు వస్తున్నా తిరగకపోతే మోటారుదే తప్పు. బ్యాటరీ వైరు బోల్టుకు వచ్చి దీనికి రాకపోతే సోలినాయిడ్ కాంటాక్టులు. రెండిట్ల ఏదైనా, ఆటో ఎలక్ట్రీషియన్‌ను ముందు కార్బన్లు, కాంటాక్టులు మార్చితే సరిపోతదా అని అడగండి.