వానాకాలం నీళ్లు నిలిచే దొడ్డిలో ఏ మొక్కలు బతుకుతాయి?

ఒంగోల్లో కొత్తగా ఇల్లు కట్టుకున్నాం, వాన పడితే దొడ్డిలో వారం దాకా నీళ్లు ఇంకవు, వేసిన గులాబీలూ కరివేపాకూ అన్నీ పోయాయి, ఏం పెట్టుకోవాలి అని అడిగారు కదా. సేమ్ కథ మాది. మాది కోవూరు పక్కన, ఒకప్పుడు వరి పండిన మాగాణి, పైన గ్రావెల్ తోలి ప్లాట్లు చేసి అమ్మారు, కింద అంతా నల్లరేగడే. దానికి తోడు ఇంటి ముందు రోడ్డు మీద రోడ్డు వేసుకుంటా పోయారు, ఇప్పుడు వీధి మొత్తానికి మా దొడ్డే పల్లం.

నేను ముందు నిమ్మ పెట్టా. నెల్లూరు జిల్లాలో ఉండి, పొదలకూరు గూడూరు అంతా నిమ్మతోటలే కనపడతా ఉంటే ఇంట్లో ఒక్క చెట్టు లేకపోతే ఎట్టా అని. రెండేళ్లు బాగానే ఉన్నింది. 2021 నవంబర్లో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది చూడండి, అప్పుడు మా ఇంట్లోకి రాలేదు గానీ దొడ్డిలో పన్నెండు రోజులు నీళ్లు నిలిచినాయి. ఆ తర్వాత చెట్టు మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారడం మొదలైంది, సంక్రాంతి దాటేసరికి నిలువునా ఎండిపోయింది. బొప్పాయి అయితే అంత టైం కూడా ఇవ్వలా, మూడో రోజుకే తల వాల్చేసింది. నీళ్లు నిండితే మట్టిలో గాలి ఉండదు, వేర్లకి ఊపిరాడక కుళ్లిపోతాయి, పైన ఆకు వాడతాది. మా అత్తయ్య పాపం ఆకు వాడిందని ఇంకో బిందె పోసేది.

ఇంకో సంగతి, తడినేల మొక్కలు అని నెట్లో వెతికితే వచ్చేవి ఏడాదంతా తడి ఉండే చోటుకి రాసినవి. మనకి అట్టా కాదు. కార్తీకంలో చెరువు, రోహిణి కార్తెలో అదే నేల చెయ్యి పట్టేంత పగుళ్లు. రెండూ తట్టుకునేదే మనకి పనికొస్తాది.

అట్టా నా దగ్గర బాగా నిలబడింది మెట్టతామర (Canna). ఎరుపూ పసుపూ రెండు రంగులు ఎవరో పీకి పారేసిన దుంపలే తెచ్చి గుచ్చా, మే నెలలో పైన ఎండి చచ్చినట్టు కనపడతాయి, పీకొద్దు, తొలకరికి మళ్లీ లేస్తాయి. చేమ కూడా అంతే, పైగా దుంపలు పులుసుకి. (ఆకు కోసేటప్పుడు దురద, జాగ్రత్త.) బాగా పల్లంగా ఉండే మూలలో వట్టివేరు పెట్టండి, దాని వేర్లు నిలువునా లోతుకి పోతాయి, నీళ్లకీ చావదు ఎండకీ చావదు, కాకపోతే గుబురైతే పాములొస్తాయని మా ఇంట్లో గొడవ, అందుకని ఏడాదికోసారి కోసేస్తా. చెట్టు కావాలంటే కానుగ, నేరేడు రెండూ నీళ్లు ఓర్చుకుంటాయి, నేరేడు మాత్రం కారు పెట్టే చోట వద్దు, మరకలు పోవు.

స్నానాల గది నీళ్లు పోయే చోట ఎప్పుడూ చెమ్మే కదా, అక్కడ పొన్నగంటి కూర, సరస్వతి ఆకు వేశా, పొన్నగంటి కోసే కొద్దీ వస్తానే ఉంటాది. సబ్బు నీళ్లు ఎక్కువైతే కాస్త పక్కకి మళ్లించండి. అరటికి తడి ఇష్టమే గానీ నిలవ నీళ్లు కాదు, గట్టు మీద పెట్టాలి.

ఏదైనా కొనే ముందు ఒకటిన్నర అడుగు గుంట తీసి సాయంత్రం నిండా నీళ్లు పోసి పొద్దున చూడండి. ఇంకా నీళ్లుంటే గులాబీ, మునగ, దానిమ్మ ఆశ వదులుకోండి. రేగడిలో నాలుగు బస్తాల ఇసక కలిపితే సరిపోతాది అని చెప్తారు, నేను కలిపా, ఎండాకాలానికి ఇటుకలాగా తయారైంది. పశువుల పేడ ఎరువు, వేరుశనగ పొట్టు, రాలిన ఆకులు ఏటా వేస్తా ఉంటేనే నేల గుల్లబారింది.

కరివేపాకు లేకుండా నాకూ కుదరలా. పాత బావి వర ఒకటి పడుంటే దొడ్లో నిలబెట్టి, అడుగున ఇటుక ముక్కలు వేసి, పైన ఎర్రమట్టీ ఎరువూ నింపి అందులో పెట్టా. మూడో ఏడు ఇది, మొన్న వానలకి చుట్టూ మోకాటి లోతు నీళ్లు, అది మాత్రం కొత్త చిగురేసుకుంటా ఉంది.