డిఫ్ తెరిస్తే ఏం మారిందో అర్థం కావడం లేదన్నా

ప్రశ్న: అన్నా, ఎంసీఏ అయినాక ఈ మధ్యనే ఉద్యోగంలో చేరినాను. టీమ్‌లో ఎవరు కోడ్ మార్చినా రివ్యూ చెయ్యమంటారు, పాత కోడ్‌కీ కొత్త కోడ్‌కీ తేడా చూపించే డిఫ్ తెరిస్తే వందల లైన్లు ఎర్రగా పచ్చగా ఉంటాయి. ఎట్లా చదవాల?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చెల్లెమ్మా, తప్పు నీది కాదు. డిఫ్ అనేది 1970ల్లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం కోసం పుట్టిన ప్రోగ్రామ్, రెండు ఫైళ్ళలో కలిసే లైన్లు వీలైనన్ని వెతికి పట్టుకుని, మిగతావి తీసేసినవి, చేర్చినవి అని చూపిస్తాది, అంతే, అర్థం దానికి తెలీదు. ఫంక్షన్‌ని పైనుంచి కిందికి జరిపినా ఒకచోట చెరిపి ఇంకోచోట కొత్తగా రాసినట్టే చూపిస్తాది.

చిత్తూరులో ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసేటప్పుడు నాకూ ఇదే అయింది. ఎవరో నలభై లైన్ల చుట్టూ ఒక ఇఫ్ (షరతు) పెట్టినారు, లైన్లన్నీ లోపలికి జరిగి మొత్తం మారినట్టు కనబడింది, వాటి మధ్యలో 'గ్రేటర్ దేన్ ఆర్ ఈక్వల్' కాస్తా ఉత్త 'గ్రేటర్ దేన్' అయిపోయింది, సరిగ్గా వెయ్యి రూపాయల బిల్లుకి డిస్కౌంట్ పడకుండా పోయింది, మూడు రోజులు వెతికినాం. కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే గిట్ అనే టూల్‌లో, గిట్ డిఫ్‌కి మైనస్ డబ్ల్యూ (-w) అనే ఆప్షన్ ఇచ్చింటే స్పేస్ మార్పులు పక్కకుపోయి ఆ లైను అప్పుడే కనబడేది. నువ్వు తప్పకుండా వాడు.

ముందు కమిట్ (గిట్‌లో ఒకసారికి దాచిన మార్పు) మెసేజ్, తర్వాత టెస్టులు చదువు, ఆమేలే కోడ్. ఎందుకు మార్చినారో మెసేజ్‌లో లేకుంటే మొహమాటపడకుండా అడుగు. కోడ్ ఎప్పుడు చెడిందో తెలీకుంటే గిట్ బైసెక్ట్ ఉంది, కమిట్లని సగం సగం చేసుకుంటా పోతాది, వెయ్యి కమిట్లున్నా పదిసార్లు టెస్ట్ చేస్తే చాలు, చెడగొట్టిన కమిట్ దొరికిపోతాది.