ఖాళీ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం నిన్న మారతహళ్ళి ట్రాఫిక్‌లో బస్సు కదలక నిలబడి ఉంటే రెండుసార్లు చదివా. భాష బాగుంది. కానీ "శూన్యంలో దాగిన శక్తితో రేపు బెంగళూరు మొత్తానికి ఫ్రీ కరెంటు" అన్న లైన్ మాత్రం తీసెయ్. వెలుతురు, వేడి, అణువులు అన్నీ తీసేశాక కూడా పోకుండా మిగిలేదే ఆ శక్తి, దిగడానికి ఇంకో మెట్టే లేనప్పుడు దాన్లోంచి కరెంటు ఎక్కణ్ణించి లాగుతాం చెప్పు?

ఆ చోట్లో డచ్ భౌతిక శాస్త్రవేత్త కాసిమిర్ సంగతి రాయి. 1948లో ఫిలిప్స్ ల్యాబ్‌లో పనిచేస్తూ హెండ్రిక్ కాసిమిర్ లెక్క కట్టాడు, ఏ చార్జీ లేని రెండు లోహపు పలకల్ని శూన్యంలో బాగా దగ్గరగా పెడితే అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయని. వీణ తీగని రెండు చివర్లా బిగిస్తే దానికి కుదిరిన స్వరాలే పలుకుతాయి కదా, అట్లాగే శూన్యంలో మిగిలిన ఆ శక్తి తరంగాల్లో పలకల మధ్య కుదిరినవే ఉంటాయి, బయట అట్లాంటి అడ్డేం లేదు, ఆ తేడానే పలకల్ని దగ్గరికి నెడుతుంది. ఎంత నెడుతుందో కూడా రాయి: సెంటీమీటర్ చదరం పలకలు, మధ్యలో మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు సందు, అప్పుడు ఆ బలం ఒక ఉప్పు రవ్వ బరువంత కూడా ఉండదు. సందు సగం చేస్తే మాత్రం 16 రెట్లవుతుంది! దీన్ని గట్టిగా కొలవడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది, స్టీవ్ లామోరో సియాటిల్‌లో కొలిచాడు, రెండు పలకల్ని సమాంతరంగా నిలబెట్టడం మహా కష్టమని ఒకవైపు గుండ్రటి ఉపరితలం పెట్టాడు. ఇట్లాంటి చిన్న వివరమే పాఠకుణ్ణి ల్యాబ్‌లోకి తీసుకెళ్తుంది.

ఒక్క జాగ్రత్త. కడిగిన స్టీలు పళ్ళేలు ఒకదానికొకటి అతుక్కోవడాన్ని ఉదాహరణగా వాడొద్దు. నేను మొదట్లో అదే రాశా, అచ్చయింది కూడా, తర్వాత ఒక ఫిజిక్స్ లెక్చరర్ ఫోన్ చేసి అది నీళ్ల పని బాబూ అన్నారు. ఇప్పటికీ ఆ పేజీ తిప్పాలంటే మనసొప్పదు.

హీలియం గురించి ఒక పేరా కలుపు. మామూలు ఒత్తిడిలో ఎంత చల్లబరిచినా అది గడ్డకట్టదు, వేడంతా తీసేశాక కూడా దాని అణువుల్లో మిగిలే చివరి కదలికే దాన్ని గడ్డకట్టనివ్వదు, మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 25 రెట్లు పెడితే గానీ లొంగదు. ఐఐఎస్‌సీలో, అదే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, ద్రవ హీలియం తయారు చేస్తారు, నీ రూమ్ నుంచి ఒక బస్సే కదా, పర్మిషన్ అడిగి చూసి రా, చూశాకే ఆ పేరా రాయి. ఆదివారం మల్లేశ్వరం రా, కాఫీ తాగుతూ కలిసి చదువుదాం.

మీ అన్న