తిన్నందుకు జరిమానా ఎందుకు?

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్లు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 74 కిలోలు. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి నాలుగేళ్లు. పెళ్లినాటికి 55 కిలోలు ఉండేదాన్ని. పోయినేడాది ఒక వీడియో చూసి రెండు నెలలు జ్యూసులు, సూపులతోనే గడిపి ఆరు కిలోలు తగ్గాను, మానేశాక మూడు నెలల్లో ఎనిమిది కిలోలు పెరిగాను. ఇప్పుడు పొద్దున టీ, మధ్యాహ్నం రెండు పుల్కాలు, సాయంత్రం మళ్లీ టీ, అంతే. కానీ రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక వంటింట్లో నిలబడి, గిన్నెలో మిగిలిన అన్నంలో ఆవకాయ, నెయ్యి కలుపుకుని తినేస్తాను. ఆ తర్వాత జంతికల డబ్బా తీస్తాను. ఎవరైనా చూస్తారని లైటు కూడా వేయను. తిన్నాక ఏడుపొస్తుంది, మర్నాడు ఇంకా తక్కువ తింటాను. మొన్న ఒక గృహప్రవేశంలో మా పెద్దత్తగారు అందరి ముందూ "ఏంటమ్మా, ఇంత ఒళ్లు చేశావు" అన్నారు. అప్పటి నుంచి ఫొటోల్లో నిలబడడం మానేశాను. మా అమ్మకు షుగర్ ఉంది, నాకూ వస్తుందేమోనని టెన్షన్. నోరు ఎలా కట్టేసుకోవాలో చెప్పండి.
- ఒక సోదరి, తణుకు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లైటు వేయకుండా తింటున్నాను అన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. మీ ఇంట్లో, మీరు వండిన అన్నం, మీరే దొంగతనంగా తింటున్నారు. ముందు దాని గురించి మాట్లాడుకుందాం, కిలోల సంగతి తర్వాత.

మీరు నోరు కట్టేసుకోలేకపోతున్నానని అనుకుంటున్నారు. నాకు కనిపిస్తున్నది వేరు. పొద్దున ఆరింటికి లేచి, బాక్సులు కట్టి, ఇల్లు సర్ది, ఇద్దరు పిల్లల వెంట పరిగెత్తి, రాత్రి పది దాకా రెండు టీలు, రెండు పుల్కాల మీద బతుకుతున్న మనిషికి ఆకలి వేస్తోంది. అంతే. పదిగంటలప్పుడు మీ చేతిని ఆ గిన్నె దగ్గరకు నడిపిస్తున్నది పగలంతా మీరు ఎగ్గొట్టిన తిండే.

దీని మీద చాలాకాలం కిందట అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, 1944-45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు రోజుకు దాదాపు 1,570 కేలరీల తిండి మాత్రమే పెట్టాడు. యుద్ధంలో ఆకలికి మాడిన జనాన్ని మళ్లీ ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి తమంతట తాము ముందుకొచ్చినవాళ్లు వాళ్లు, మనసు గట్టివాళ్లు. కొన్ని వారాలు గడిచేసరికి వాళ్లకు తిండి తప్ప ఇంకో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు, కంచాలు నాకారు, చిరాకు పడ్డారు, దిగులు పడ్డారు. ప్రయోగం అయిపోయి కడుపునిండా తిండి దొరికాక కూడా కొందరు ఎంత తిన్నా ఆకలి తీరడం లేదన్నారు. వాళ్లెవరినీ నోటి మీద అదుపు లేనివాళ్లని అనలేం కదా! సాయంత్రం దాకా మీ కడుపులో పడుతున్నది వాళ్లకు పెట్టినదానిలో మూడో వంతు ఉంటే గొప్ప. మరి మిమ్మల్ని మీరు ఎందుకు తిట్టుకుంటున్నారు?

అలాగని బరువు తగ్గనక్కర్లేదని నేను చెప్పను. మీ ఎత్తుకు 74 కిలోలంటే బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క, దాదాపు 30, మన దేశంలో వాళ్లకు 23 దాటితేనే డాక్టర్లు జాగ్రత్త చెబుతారు, పైగా అమ్మకు షుగర్ ఉందంటున్నారు. కాబట్టి తగ్గితే మంచిదే. కానీ 55 దగ్గరకు వెళ్లాల్సిందేనన్న లెక్క ఎక్కడిది? అది పెళ్లినాటి మీ ఒంటి లెక్క. రెండు కాన్పులు అయ్యాయి, పదేళ్లు గడిచాయి. ఇప్పుడున్న బరువులో నాలుగైదు కిలోలు తగ్గి, అక్కడ నిలబడగలిగినా షుగర్, బీపీ విషయంలో మేలు కనిపించడం మొదలవుతుంది. ముందు ఒకసారి డాక్టరుకు చూపించుకుని షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ తేడా ఉంటే ఎంత నోరు కట్టుకున్నా ఫలితం సరిగా ఉండదు, రక్తం తక్కువగా ఉంటే నీరసాన్ని బద్ధకం అనుకుని ఇంకో నింద వేసుకుంటారు.

ఇక తిండి. రేపటి నుంచి పొద్దున టిఫిన్ తినండి, ఇదే మొదటి మందు. రెండు పెసరట్లు, లేదా రెండు ఇడ్లీలతో గిన్నెడు సాంబారు, ఒక ఉడకబెట్టిన గుడ్డు. మధ్యాహ్నం అన్నమే తినండి. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగిన మనిషికి అన్నం చూస్తేనే భయం పుట్టేలా చేసింది ఎవరో గానీ నాకు మాత్రం బాధగా ఉంటుంది. కంచం కొంచెం మారిస్తే చాలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉంటాయి. మిగతా సగంలో అన్నమో రొట్టో, పప్పు, గుడ్డు, చేప, పెరుగు లాంటివి సర్దుకోవాలి. అంటే ముందు బీరకాయ కూరో తోటకూర పప్పో దండిగా వడ్డించుకుని, తర్వాత అన్నం పెట్టుకోండి. మన అలవాటు దీనికి తలకిందులు, అన్నం గుట్టగా పోసి కూర నంచుకోవడానికి వేసుకుంటాం. నెయ్యి ఒక చెంచా వేసుకోండి, అది 45 కేలరీలు, దానివల్ల కొంపలేం మునగవు. ఆవకాయ కూడా మధ్యాహ్నం కంచంలోకే, అందరితో పాటు కూర్చుని. సాయంత్రం అయిదింటికి గుప్పెడు వేయించిన శనగలో, ఉడికించిన వేరుశనగలో, ఒక జామకాయో తినండి. రాత్రి ఎనిమిదింటికల్లా పిల్లలతో కూర్చుని తినేయండి.

ఇలా పదిహేను రోజులు తింటే చాలామందికి రాత్రి పదింటి ఆరాటం సగానికి సగం తగ్గిపోవడం నేను చూశాను. ఎప్పుడైనా తగ్గకపోతే, ఆకలేస్తే, లైటు వేసుకుని, కంచంలో పెట్టుకుని, కూర్చుని తినండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చేసి చూడండి, నిలబడి గిన్నెలో తిన్నప్పుడు ఎంత తిన్నామో మనకే తెలియదు, కూర్చుంటే తెలుస్తుంది.

మర్నాడు ఇంకా తక్కువ తింటున్నానన్నారు చూశారా, దాన్ని ఆపాలి. రాత్రి తిన్నదానికి పొద్దున జరిమానా కడుతున్నారు, ఆ జరిమానా ఆకలై మళ్లీ రాత్రికి తిరిగొస్తోంది. మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్లు శనివారం ఒంటిపూట ఉంటారు, అది వెంకటేశ్వరస్వామి మీద భక్తి. మీకూ ఆ అలవాటుంటే అది దేవుడికే ఉంచండి, జంతికల డబ్బాకు ప్రాయశ్చిత్తంగా మార్చకండి. అసలు అన్నం పరబ్రహ్మ స్వరూపం అని చెప్పుకునే ఇళ్లలో తినడం పాపం ఎప్పటి నుంచి అయిందో ఆలోచించండి. ఇదే మాట పట్టుకుని ఇంకో పని కూడా చేస్తాం మనం, పిల్లలు వదిలేసిన ముద్దలు, గిన్నె అడుగున మిగిలింది పారేయలేక మన కడుపులో వేసుకుంటాం. మిగిలితే పెరుగు కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దున చద్దన్నంలా ఉల్లిపాయతో ఇంటిల్లిపాదీ తినొచ్చు. లేదా ఒక గుప్పెడు బియ్యం తక్కువ పోయండి.

బరువు చూసే మిషన్ రోజూ ఎక్కకండి. జ్యూసుల రోజుల్లో తగ్గిన ఆరు కిలోల్లో కొంత కొవ్వు కానే కాదు. మన కండరాల్లో, కాలేయంలో దాచిన చక్కెర ఒక గ్రాము ఉంటే దానితో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు ఉంటుంది, తిండి మానగానే ముందు పోయేది ఆ రెండే, మళ్లీ తినగానే వచ్చేదీ ఆ రెండే. నెలసరి ముందు, ఉప్పగా తిన్న మర్నాడు కూడా కిలో, కిలోన్నర పెరిగినట్టు చూపిస్తుంది. అది చూసి పగలంతా మూడ్ పాడుచేసుకుంటే ఎలా? రెండు వారాలకోసారి చూడండి, అదీ మనసు స్థిమితంగా ఉన్న రోజే. నెలకోసారి టేపుతో నడుం కొలుచుకోండి. మన ఆడవాళ్లకు నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లలోపు ఉండడం మంచిదంటారు, ఇప్పుడు ఎంతున్నా పర్వాలేదు, నెలకు ఒకటి రెండు తగ్గినా మీరు సరైన దారిలో ఉన్నట్టే. నెలకు కిలో, కిలోన్నర కంటే వేగంగా తగ్గాలని ఆరాటపడకండి.

పెద్దత్తగారి మాట. అలాంటి మాటలు ప్రేమతో అన్నా గుచ్చుకుంటాయి. రేపు మీరు తగ్గాక అదే మనిషి "అయ్యో, ఇలా చిక్కిపోయావేంటి, మొహంలో కళే లేదు" అంటారు, మన చుట్టాల్లో ఇది చూడని వాళ్లెవరు? మళ్లీ అడిగితే "బాగున్నానత్తయ్యా, మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?" అని మాట మార్చేయండి, మర్యాద తప్పినట్టూ ఉండదు. మీవారితో మాత్రం విడిగా చెప్పండి, నలుగురిలో నా ఒళ్లు గురించి ఎవరైనా ఎత్తితే మీరు నా పక్షాన ఒక్క మాట మాట్లాడండి అని. అది అడగడం మీ హక్కు.

ఈ వారమే బీరువా తెరిచి, పట్టని జాకెట్లన్నీ టైలరుకిచ్చి కుట్లు విప్పించుకోండి, కుదరనివాటి బదులు రెండు కొత్తవి కుట్టించుకోండి. తగ్గాక కుట్టించుకుంటాను అని వాయిదా వేయొద్దు. బిగుతు జాకెట్టు రోజంతా ఒంటిని తిడుతూనే ఉంటుంది. ఫొటోల్లో నిలబడండి తల్లీ. మీ చిన్నదాని నాలుగేళ్ల వయసు మళ్లీ రాదు, ఆ ఫొటోలో వాళ్లమ్మ ఎందుకు లేదని రేపు అది అడుగుతుంది.

ఒక్క హెచ్చరిక. పగలు సరిగ్గా తింటున్నా కూడా ఆపుకోలేనంతగా తినేయడం వారానికి ఒకటి రెండుసార్లు జరుగుతూనే ఉంటే, తిన్నది కావాలని వాంతి చేసుకోవాలనిపిస్తే, అది వైద్యం ఉన్న సమస్య. మానసిక వైద్యులను కలవండి. మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులు పడవు.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. రెండు నెలలుగా రాత్రి అన్నం మానేసింది, ఆకలి లేదంటుంది. స్కూల్లో ఎవరో "బొండాం" అన్నారట. మా అత్తగారు కూడా ముద్దుగా అలాగే పిలుస్తారు. నేనూ డైటింగ్‌లో ఉన్నాను కాబట్టి ఇద్దరం కలిసి చేద్దామా?
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: వద్దమ్మా. ఎదిగే వయసు, ఎముకలు గట్టిపడే వయసు, పైగా పరీక్షల ఏడాది. ఇంట్లో ఆ పిలుపు ఈ రోజే ఆగిపోవాలి. అత్తగారికి నెమ్మదిగా చెప్పండి, ముద్దుకే అన్నా పిల్ల రాత్రి అన్నం మానేసిందని తెలిస్తే ఆవిడే మానేస్తారు. అమ్మాయిని మాత్రం తిను తిను అని వెంటపడకండి, బరువు ఎంతుందో చూడమని మిషన్ ఎక్కించకండి. అందరూ ఒకే చోట కూర్చుని తినండి, మీరూ దాని ముందు కడుపునిండా తినండి. "నాకు పొట్ట పెరిగింది, ఈ చీరలో లావుగా ఉన్నానా" అని అద్దం ముందు మీరనే మాటలు పిల్లలు వింటారు, అవే వాళ్ల నోట్లోకి వస్తాయి. స్కూల్లో ఎవరు అన్నారో, ఆ రోజు తనకెలా అనిపించిందో ఒక సాయంత్రం నడకకు తీసుకెళ్లి అడగండి, సలహా ఇవ్వకుండా వినండి. నెలసరి ఆగినా, కళ్లు తిరిగినా, జుట్టు బాగా ఊడుతున్నా, తిన్నాక వెంటనే బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకుంటున్నా ఆలస్యం చేయకండి, ఆ వారమే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

ప్రశ్న: వయసు 41, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. ఆదివారం బిర్యానీ తింటే సోమవారం గంటన్నర పరిగెత్తి, మధ్యాహ్నం భోజనం మానేసి సరిచేస్తున్నాను. మోకాళ్లు పట్టేశాయి. బిర్యానీ శాశ్వతంగా మానేయాలా?
- ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: మీ పరుగు కూడా తణుకు సోదరి చెల్లించే జరిమానా లాంటిదే. 6.1 అంటే షుగర్ ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చింది. ఈ దశలో ఉన్న వేలమంది మీద అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనం 2002లో వెలువడింది. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. అంటే రోజుకు అరగంట చొప్పున వారంలో అయిదు రోజులు, మోకాళ్లు నొప్పి పుట్టకుండా. సోమవారం గంటన్నర పరిగెత్తి మిగతా వారమంతా కుర్చీలో కూర్చుంటే ఆ మేలు రాదు. బిర్యానీ నెలకు రెండుసార్లు తినండి, ఒక ప్లేటు ఇంట్లోవాళ్లతో పంచుకుని, ముందు రైతా, ఉల్లిపాయ, కీర ముక్కలు, చికెన్, తర్వాత అన్నం. కూల్‌డ్రింక్ మాత్రం వద్దు. తిన్నాక పదిహేను నిమిషాలు కాలనీలో నడిచి రండి. సోమవారం ఎప్పటిలాగే టిఫిన్, ఎప్పటిలాగే భోజనం. మూడు నెలలయ్యాక హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించుకుని ఎంత వచ్చిందో నాకు రాయండి.