హన్మకొండ ఇల్లు ఉంచుకోండి, అండమాన్‌లో కిరాయికి ఉండండి

ప్రశ్న: భూపాలపల్లి సింగరేణి బాయిలో పనిచేసి 61 ఏళ్లకు రిటైర్ అయ్యాను. నా భార్యకు 57. పీఎఫ్, గ్రాట్యుటీ, పొదుపు కలిపి 78 లక్షలు ఉన్నాయి. నెలకు 22 వేల పింఛను వస్తుంది. హన్మకొండలో సొంతిల్లు ఉంది, 95 లక్షలు పలుకుతోంది. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు. కొన్నాళ్లు అండమాన్ దీవులన్నీ తిరిగి, ఆ తర్వాత అక్కడే ఉండిపోవాలని మా ఇద్దరి కోరిక. ఇల్లు అమ్మి హేవలాక్‌లో జాగా కొందామనుకుంటున్నాం. ఒక బ్రోకర్ నోటరీ అగ్రిమెంటు మీద ఇస్తానంటున్నాడు. మా పైసలు సరిపోతాయా?

జవాబు: సరిపోతాయి. కానీ హన్మకొండ ఇల్లు అమ్మకుండా, దీవిలో జాగా కొనకుండా ఉంటేనే. ముందు ఆ బ్రోకర్ సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ తప్పటడుగు వేస్తే మిగతా లెక్కంతా వృథా.

నోటరీ అగ్రిమెంటుతో భూమి మీద హక్కు రాదు. జీపీఏ (మరొకరికి అధికారం రాసిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ), అగ్రిమెంటు, వీలునామా కాగితాలతో చేసే అమ్మకాలు హక్కును బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. అండమాన్‌లో ఈ చిక్కు ఇంకా పెద్దది. అక్కడ నూటికి ఎనభైకి పైగా అడవే. మిగిలిన కొద్దిపాటి రెవెన్యూ భూమిలో చాలా భాగం ఒకప్పుడు బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకు ప్రభుత్వం షరతులతో ఇచ్చింది. సాగుకు ఇచ్చిన భూమిలో ఇల్లు కట్టాలంటే వినియోగ మార్పిడికి అనుమతి కావాలి. ఒడ్డుకు దగ్గరైతే 2019 నాటి దీవుల తీర నియంత్రణ నిబంధనలు కూడా వర్తిస్తాయి. పైగా అది దేశంలోనే అత్యధిక భూకంప ప్రమాదం ఉన్న ప్రాంతం. 2004 డిసెంబర్ 26 సునామీలో పల్లపు జాగాల్లోకి సముద్రం వచ్చింది. బ్రోకర్ పంపిన ఫొటోలో ఒడ్డు ఎంత దగ్గరగా కనిపిస్తే అంత జాగ్రత్తపడాలి. అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వెంటనే రాతపూర్వకంగా వెనక్కి అడగండి. మీరింకా ఇవ్వకపోయి ఉంటే అసలు ఇవ్వకండి.

మరి ఎక్కడ ఉండాలి? నా మాట వింటే హేవలాక్‌లో కాదు, పోర్ట్ బ్లెయిర్‌లో. హేవలాక్‌కు 2018లో స్వరాజ్ ద్వీప్ అని, పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. టికెట్లలో, కాగితాల్లో రెండు పేర్లూ కనిపిస్తాయి, కంగారు పడకండి. ప్రభుత్వ పెద్దాసుపత్రి జీబీ పంత్ ఉన్నది పోర్ట్ బ్లెయిర్‌లోనే. అక్కడా కుదరని కేసులను చెన్నైకో కోల్‌కతాకో విమానంలో పంపుతారు. హేవలాక్‌లో రాత్రి ఛాతీనొప్పి వస్తే ముందు సముద్రం దాటాలి, ఆ తర్వాతే ఆసుపత్రి. 61 ఏళ్ల వయసులో బీచ్ పక్కన ఇంటి కంటే ఆసుపత్రికి పది నిమిషాల్లో చేరే ఇల్లు విలువైనది. హేవలాక్‌లోని రాధానగర్ బీచ్ చూడాలనిపిస్తే ఫెర్రీ ఎక్కి వెళ్లి రెండు రోజులు ఉండి రావచ్చు.

కిరాయి ఇల్లు చూసేటప్పుడు గదుల కంటే ముందు నీళ్ల ట్యాంకు చూడండి. ఎండకాలంలో పోర్ట్ బ్లెయిర్‌లో మున్సిపల్ నీళ్లు రోజూ రావు. ట్యాంకు ఎన్ని లీటర్లది, వాటా ఎంతమందికి, ట్యాంకర్ తెప్పిస్తే పైసలు ఎవరివి అన్నది అగ్రిమెంటులో రాయించుకోండి. వాన మే నెల నుంచి డిసెంబర్ దాకా పడుతుంది, ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్లు. మన వరంగల్ వానకు ఇంచుమించు మూడింతలు. చెమ్మకు గోడలు, బట్టలు, మందులు అన్నీ పాడవుతాయి. జనవరిలో చూసి నచ్చిన ఇల్లు జులైలో ఎలా ఉంటుందో తెలియాలంటే జులైలో ఉండాలి. అందుకే మొదటి ఏడాది పదకొండు నెలల అగ్రిమెంటు చాలు. సామాను ఓడలో పంపకండి. మంచాలు, ఫ్రిజ్ అక్కడే పాతవి కొనుక్కోండి.

ఇక లెక్క. 78 లక్షల్లో 30 లక్షలు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేయండి. ఒక్కరికి గరిష్ఠ పరిమితి అదే. ఇప్పటి 8.2 శాతం వడ్డీకి మూడు నెలలకోసారి 61,500 రూపాయలు వస్తాయి, అంటే నెలకు 20,500. ఖాతా తెరిచిన రోజు ఉన్న రేటు ఐదేళ్లు మారదు. ఆ తర్వాత మూడేళ్లు పొడిగించుకోవచ్చు, అయితే అప్పటి రేటు వర్తిస్తుంది. రెండేళ్లలోపు మూసేస్తే అసలులో ఒకటిన్నర శాతం కోత పడుతుంది, ఏడాది కూడా నిండకపోతే ఇచ్చిన వడ్డీ తిరిగి వసూలు చేస్తారు. కాబట్టి అత్యవసర డబ్బు ఇందులో పెట్టకండి. ఖాతా మీ భార్యతో జాయింటుగా తెరవండి. మీ తర్వాత ఆమె దాన్ని కొనసాగించుకోవచ్చు.

మరో 15 లక్షలు పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో జాయింటుగా పెడితే, 7.4 శాతం చొప్పున నెలకు 9,250 వస్తాయి. హన్మకొండ ఇంటి కింది అంతస్తు 14 వేలకు కిరాయికిస్తే, ఆస్తిపన్ను, మరమ్మతులు పోను 12 వేలు చేతికొస్తాయనుకుందాం. పైన ఒక గది మీ కోసం ఉంచుకోండి. పింఛనుతో కలిపి నెలకు మొత్తం 63,750.

ఖర్చుకు నేను వేసుకున్న అంచనా ఇది: ఇంటి కిరాయి, తిండి, కరెంటు, స్థానిక ప్రయాణాలు, మందులు కలిపి 48 వేలు. సరుకుల్లో చాలా భాగం ఓడలో వస్తాయి కాబట్టి కూరగాయలు మన దగ్గరి మార్కెట్ ధరలకు దొరకవు. ఏడాదికి రెండుసార్లు ఇద్దరూ ఇంటికొచ్చి వెళ్తే ఎనిమిది విమాన టికెట్లు, ఒక్కోటి తొమ్మిది వేలు అనుకుంటే 72 వేలు, నెలకు ఆరు వేలు. ఆరోగ్య బీమా ప్రీమియం నెలకు ఐదు వేలు. మొత్తం 59 వేలు. మొదటి ఏడాది నెలకు 4,750 మిగులుతుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. మీ ఆదాయంలో ఏదీ ధరలతో పాటు పెరగదు. బొగ్గు గని పింఛనుకు డీఏ లేదు, వడ్డీలు స్థిరం, ఇంటి కిరాయి పెరిగినా కొద్దిగానే. ఖర్చు ఏటా 6 శాతం పెరిగితే రెండో ఏట 62,540, మూడో ఏట 66,292. అంటే మూడో ఏడాదే లోటు మొదలు. పదకొండో ఏట ఖర్చు నెలకు 1,05,000 దాటుతుంది. మొదటి పదేళ్లలో లోటు మొత్తం దాదాపు పదిహేడున్నర లక్షలు.

ఈ లోటు పూడ్చడానికే మిగిలిన 33 లక్షల్లో 20 లక్షలు పెరిగే చోట ఉండాలి. ఇండెక్స్ ఫండ్‌లో (సూచీలోని షేర్లన్నీ కొనే మ్యూచువల్ ఫండ్) సగం, బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్ తరహా ఫండ్‌లో (షేర్లు, బాండ్ల వాటాను మార్కెట్‌ను బట్టి మార్చేది) సగం. ఒకేసారి వేయకండి, లిక్విడ్ ఫండ్‌లో (ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల తక్కువ రిస్కు ఫండ్) ఉంచి 18 నెలల్లో నెలనెలా బదిలీ చేయండి. మూడేళ్ల దాకా దీన్ని ముట్టుకోవద్దు. మార్కెట్ పడినప్పుడు అమ్మాల్సిన అవసరం రాకూడదనే 7 లక్షలు వేరుగా, బ్యాంకు డిపాజిట్‌లో, ఒక్కరోజులో చేతికొచ్చేలా ఉంచమంటున్నాను. చెన్నైకి అత్యవసరంగా వెళ్లాల్సి వస్తే టికెట్లు, ఆసుపత్రి అడ్వాన్స్, అక్కడ బస, అన్నీ దీంట్లోంచే. మిగిలిన 6 లక్షలు మీ తిరుగుడుకు.

పన్ను విషయం తేలిక. ఇంటి కిరాయిలో 30 శాతం మినహాయింపు పోను మీ ఏడాది ఆదాయం ఏడున్నర లక్షల లోపే. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. అయినా రిటర్న్ వేయాలి. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి: ఈక్విటీ (షేర్ల) ఫండ్ అమ్మితే వచ్చే దీర్ఘకాలిక లాభానికి ఈ రిబేటు వర్తించదు. ఏడాదిలో 1.25 లక్షలు దాటిన లాభం మీద 12.5 శాతం కట్టాలి. లోటు మొదలయ్యాక ఏటా ఆ పరిమితిలోపే లాభం తీసుకుంటూ పోతే పన్ను పడదు.

సింగరేణి రిటైర్డ్ ఉద్యోగుల వైద్య పథకం కార్డు ఉంటే, పోర్ట్ బ్లెయిర్‌లో, చెన్నైలో ఏ ఆసుపత్రులు దాని జాబితాలో ఉన్నాయో బయల్దేరేముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. విడిగా పాలసీ తీసుకుంటే షుగరు, బీపీ దాచకండి. ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం గరిష్ఠంగా మూడేళ్లు, దాచితే క్లెయిమే పోతుంది. ఎయిర్ అంబులెన్స్‌కు ఎంత ఇస్తారో పాలసీలో చదవండి. 70 నిండాక ఆయుష్మాన్ వయ వందన కార్డు కింద ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంటుంది, అప్పుడు మరవకుండా తీసుకోండి.

తిరగడం మాత్రం జనవరిలో మొదలుపెట్టండి. వరంగల్‌లో జీటీ ఎక్స్‌ప్రెస్ గానీ తమిళనాడు ఎక్స్‌ప్రెస్ గానీ ఎక్కి చెన్నైలో దిగితే, అక్కడి నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. ఓడలో అయితే మూడు రోజులు పడుతుంది. హేవలాక్, నీల్ దీవులు అందరూ చూస్తారు. మీరు రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ దాకా వెళ్లండి. రాస్, స్మిత్ దీవులను కలిపే ఇసుక దారి, అండమాన్‌లో అన్నింటికంటే ఎత్తైన 732 మీటర్ల శాడిల్ పీక్ అక్కడే. దారిలో జారవా గిరిజనుల రక్షిత అడవి గుండా వాహనాలు కాన్వాయ్‌లోనే పోవాలి, ఫొటోలు తీస్తే కేసు. నికోబార్ గిరిజన రక్షిత ప్రాంతం, అక్కడ స్థిరపడే ఆలోచన వద్దు. పొద్దు తొందరగా గుంకుతుంది, సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంటుంది, కాబట్టి ప్రయాణాలు తెల్లవారుజామున పెట్టుకోండి. వానకాలంలో గాలి లేస్తే ఫెర్రీలు ఆగిపోతాయి. ఫెర్రీ దిగిన రోజే విమానం ఉండేలా టికెట్ కొన్నవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. మధ్యలో రెండు రోజులు ఖాళీ ఉంచండి.

75 ఏళ్లు వచ్చేసరికి ఫండ్ డబ్బు తరుగుతూ ఉంటుంది. అప్పుడు తిరిగొచ్చి హన్మకొండ ఇంట్లోనే ఉండొచ్చు, లేదా అందులో ఉంటూనే దాని మీద రివర్స్ మార్ట్‌గేజ్ (ఇంటిని తాకట్టు పెట్టి బ్యాంకు నుంచి నెలనెలా డబ్బు తీసుకోవడం) కూడా తీసుకోవచ్చు. ఈ రెండు దారులూ ఇల్లు మీ పేరున ఉంటేనే.

చివరిగా, మీ భార్య గురించి. మీ తర్వాత కుటుంబ పింఛను తగ్గుతుంది, మిగతాదంతా ఆమే నడపాలి. మీ ఒక్కరి పేరున ఉన్న ఖాతాలన్నింటికీ నామినీగా ఆమె పేరు రాయించండి. ఓటీపీ ఆమె ఫోన్‌కే వచ్చే ఖాతా ఒకటైనా ఉండాలి. బయల్దేరేముందు కరెంటు బిల్లు, బీమా ప్రీమియం, విమాన టికెట్ ఆమె చేత్తోనే ఒక్కోసారి కట్టించండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ నేర్పించండి.