గొట్టాల కట్టలా ఉన్న ఆ పాత అమెరికన్ గూడ్స్ వ్యాగన్ ఏంటి?

మీ ఫోటోలో వ్యాగన్ మీద పొడవాటి స్టీల్ గొట్టాలు కట్టగా పేర్చినట్టు ఉన్నాయి కదా, అవి సరుకు కాదండి, అవే ట్యాంకులు! అది హీలియం వ్యాగన్. అమెరికా నేవీ ఎయిర్‌షిప్‌ల (తేలికైన గ్యాస్ నింపితే గాల్లో తేలే భారీ బెలూన్ లాంటి వాహనాల) కోసం టెక్సాస్‌లోని అమరిల్లో ప్లాంట్ నుంచి, 1929లో మొదలైందది, ఇలాంటి వాటిలోనే గ్యాస్ పంపేవాళ్లు. గ్యాస్‌ని బాగా ప్రెషర్‌తో నింపాలి కాబట్టి గోడలు మందంగా ఉండాలి, అందుకే బండి బరువు 100 టన్నులు దాటుతుంది కానీ లోపల హీలియం మాత్రం సుమారు ఒక టన్నే, నాకైతే ఇదే అన్నిటికంటే అద్భుతం అనిపిస్తుంది. పక్కన ఎం.హెచ్.ఏ.ఎక్స్ (MHAX) అని ఓనర్ ఎవరో చెప్పే కోడ్ రాసుందేమో జూమ్ చేసి చూడండి, చివర ఎక్స్ ఉంటే అది రైల్వే కంపెనీ సొంత వ్యాగన్ కాదని అర్థం. గొట్టాలు ఎన్నో కూడా లెక్కపెట్టండి, చాలావాటికి 30 దాకా ఉంటాయి.